మెత్తని కాలరు

మూట విప్పకముందే అందులో ఏముందో మామ్మకి తెలిసిపోయింది. తెలిసి కూడా తెలియనట్టు మిషను మీదికి వంగి, ఎక్కించిన దారాన్నే తీసి మళ్ళీ ఎక్కిస్తూ కూర్చుంది.

గుమ్మంలో కరెంటాయన భార్య నిలబడి ఉంది. చంకలో పాప, చేతిలో పాత తువ్వాల్లో చుట్టిన మూట. ఈ కొద్ది రోజుల్లోనే మనిషి సగమైపోయింది. వేసుకున్న బట్టలు ఒంటిమీద వేలాడుతున్నాయి. రెండు పక్కలా కుట్టు పట్టాలి అనుకుంది మామ్మ, అలవాటుకొద్దీ. వెంటనే తనమీద తనకే అసహ్యం వేసింది.

"అక్కడే నిలబడ్డావేంటే, లోపలికి రా," అంటూ మామ్మ కోడలు ఎదురెళ్ళి పాపని అందుకుంది.

కోడలికి ఈమధ్య ఆ ఇంటిమీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. పొద్దున లేస్తే వాళ్ళకింత వండి పట్టుకెళ్ళడం, పక్కన కూర్చుని బతిమాలి తినిపించడం, పాపకి తల దువ్వడం. మొన్నమొన్నటిదాకా కుళాయి దగ్గర బిందె జరిపిందని ఆ పిల్లతో మాటల్లేవు. ఎదురుపడితే మొహం తిప్పుకునేది. ఇప్పుడీ ప్రేమ ఎక్కణ్ణించి ఊడిపడిందో మామ్మకి తెలుసు. మొగుడు పోయింది ఆ పిల్లకి, తనకి కాదు. ఆ సంతోషం మొహంలో కనపడితే పాపం చుట్టుకుంటుందన్నట్టు కోడలు దాన్ని గిన్నెల్లో సర్ది, మూతపెట్టి, పక్కవీధికి మోస్తోంది.

ఆ సంతోషాన్ని కోడలి చేతిలో పెట్టింది మామ్మే.

నది అవతల యార్డులో షిఫ్టు దిగినవాళ్ళని తీసుకొస్తున్న లాంచీ నడినీళ్ళలో బోల్తాపడింది. ఈదగలిగినవాళ్ళు ఈదారు. మిగతావాళ్ళు ఒక్కొక్కళ్ళే దొరికారు. చివరికి దొరకనివాళ్ళు ఇద్దరే మిగిలారు. క్రేను నడిపే మామ్మ కొడుకు ఒకడు, పక్కవీధి కరెంటాయన ఒకడు. ఆ తర్వాతెప్పుడో దిగువన తూము దగ్గర ఒకే ఒక్క శవం తేలింది. మొహం చూసి చెప్పే స్థితి దాటిపోయింది. ఇద్దరిదీ ఒకటే ఎత్తు, ఒకటే ఒళ్ళు, ఒకటే నీలం యూనిఫారం. ఆ పూటే పాతిపెట్టేసి, ఒంటిమీది చొక్కా మాత్రం తీసి ఉంచారు.

యార్డులో సగంమంది చొక్కాలు మామ్మ మిషను మీద పుట్టినవే. అందుకే ఆఫీసులో ఆ చొక్కాని బల్లమీద పరిచి, రెండిళ్ళవాళ్ళనీ కూర్చోబెట్టి, మామ్మనే చెప్పమన్నారు. కోడలు చొక్కా వైపు చూడనేలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, అత్తగారి జబ్బ పట్టుకుని గోళ్ళు దిగేసింది. ఎదురుగా ఆ పిల్ల ఊపిరి బిగపట్టి మామ్మ నోటివంకే చూస్తోంది. మామ్మ కాలరు మీద బొటనవేలు పెట్టి నొక్కింది. అంతే. తన కొడుకుదే. గుండె అక్కడే ఆగిపోవలసింది. పాడు గుండె, ఆగలేదు.

"మావాడిది కాదు," అంది మామ్మ.

ఒకళ్ళది కాకపోతే రెండోవాళ్ళదే. ఎవరూ చెప్పక్కర్లేకుండానే కరెంటాయన భార్య బల్ల పక్కన కూలబడిపోయింది.

ఇదిగో, ఇప్పుడా చొక్కాని తువ్వాల్లో చుట్టుకుని ఈ ఇంటికే తెచ్చింది.

"ఆఫీసువాళ్ళు ఇచ్చేశారు పెద్దమ్మా," అంది మూట మిషను బల్లమీద పెడుతూ. "ఉతికాను. ఎన్నిసార్లు ఉతికానో. ఇంకా నది వాసనే వస్తోంది."

తరవాత చెప్పిందంతా ముక్కలు ముక్కలుగా చెప్పింది. రేపు పొద్దున యార్డువాళ్ళు అందర్నీ పిలిచి ఆ గుంత మీద రాయి నిలబెడతారట. రాయిమీద ఆయన పేరు చెక్కించడం కూడా అయిపోయిందట. పాపని ఎత్తుకుని తను అందరికన్నా ముందు నిలబడాలట. అప్పటికి పాప ఒంటిమీద వాళ్ళ నాన్న గుడ్డ ఉండాలని తన ఆశ. దానికి ఊహ తెలిశాక ఇదీ మీ నాన్న అని చూపించడానికి అదొక్కటైనా మిగలాలి కదా అంది.

"గౌను కుట్టు పెద్దమ్మా. కాలరున్న గౌను. ఆ కాలరే తగ్గించి పెట్టు. ఆయన మెడకి రాసుకున్నది కదా." మూటమీద చెయ్యి వేసి నిమిరింది. "ఆయన కాలరెప్పుడూ అట్టలా నిలబడి ఉండేది. నీళ్ళకి ఎంత మెత్తబడిపోయిందో చూడు."

మామ్మ చూడలేదు. నానిన గుడ్డకి బలం ఉండదనీ, సూది పెడితే పిగిలిపోతుందనీ చెప్పింది. ఇంట్లో అదే నీలం గుడ్డ కొత్తది ఉంది, దాంతో చక్కగా కుట్టిపెడతానంది. తన గొంతు తనకే షాపువాళ్ళ గొంతులా వినిపించింది.

"కొత్తగుడ్డ నాకెందుకు పెద్దమ్మా," అంది ఆ పిల్ల. మెల్లిగానే అంది.

కోడలు కలగజేసుకుని, ఆవిడ మాటలకేంగానీ సాయంత్రం పాపని తీసుకొచ్చెయ్యి, వేసి చూద్దాం అని చెప్పి పంపించింది.

ఆ పిల్ల వీధి మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు అత్తగారి వైపు తిరిగింది.

"ఏంటత్తయ్యా అది? నోరు తెరిచి ఎన్నడూ ఏదీ అడగని పిల్ల. అడక్క అడక్క అడిగింది."

మామ్మ కళ్ళ సంగతి ఎత్తుకుంది. నీలం గుడ్డమీద నీలం దారం, మధ్యాహ్నం ఎండలో కూడా కుట్టు ఎక్కడుందో ఆనడం లేదు, ఏదో నాలుగు డబ్బుల పని చేసుకుంటున్నాగానీ చూపు ఎప్పుడో పోయింది, అని పాతపాటంతా పాడింది.

"మీ కళ్ళ సంగతి నాకు తెలియదా? మన బొంగరం స్కూలు నుంచి వస్తుందిగా. అది విప్పుతుంది, మీరు కుట్టండి. వాళ్ళ నాన్నకి కొత్త చొక్కా ఇద్దరూ కలిసి కుట్టడం లేదూ?"

"దానిచేత ఆ చొక్కా ముట్టించను."

"ఎందుకని?"

"శవం మీది గుడ్డ. పసిపిల్ల అది."

"మన శవం కాదుగా," అంది కోడలు.

ఆ మాట అనేశాక తనే కంగారుపడింది. చేతిలో ఉన్న గిన్నె అక్కడ పెట్టి, మళ్ళీ తీసి, ఇంకోచోట పెట్టింది. మామ్మ మిషను చక్రం మీద చెయ్యి వేసుకుని కదలకుండా కూర్చుంది.

కోడలే మళ్ళీ దగ్గరికొచ్చింది. ఈసారి గొంతు తగ్గించింది.

"ఒకటడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీ కొడుకు బతికున్నాడని చెప్పింది మీరే. మీ మాట పట్టుకునే నేను అన్నం తింటున్నా. వాకిట్లో పిల్లి కదిలినా ఆయనే అనుకుని లేస్తున్నా. మీరు ఒక్కసారి కూడా తలెత్తి గుమ్మం వైపు చూడరేం? మీ మొహంలో ఆ సంతోషం ఏదత్తయ్యా?"

"వాడొచ్చాక పడతాలే సంతోషం," అంది మామ్మ.

అబద్ధం ఇంత నున్నగా వస్తుందని తను ఏనాడూ అనుకోలేదు. కోడలు ఆ మాట నమ్మింది. నమ్మడమే కాదు, దాంతో కొంచెం కుదుటపడింది కూడా. దిగువ ఊళ్ళలో ఆసుపత్రులన్నీ వెతకమని ఎవరెవరికి చెప్పిందో మళ్ళీ మొదటినుంచీ ఏకరువు పెట్టింది. తలకి దెబ్బ తగిలి పేరు మరిచిపోయి ఏ మంచంమీదో పడి ఉంటాడు, పేరు గుర్తొచ్చిన రోజున వచ్చేస్తాడు. ఇదీ ఆమె లెక్క. చెప్తూ చెప్తూ ఆ మూట తీసి, చొక్కా దులిపి, మిషను పక్కనున్న కొక్కేనికి తగిలించి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ కొక్కేనికి పక్కనే ఇంకో నీలం చొక్కా వేలాడుతోంది. కొత్తది, సగం కుట్టినది. ఒక చెయ్యి ఉంది, ఇంకో చెయ్యి లేదు.

ఆఫీసు నుంచి వచ్చిన మర్నాడే బొంగరం పట్టు పట్టింది, నాన్న వచ్చేసరికి కొత్త చొక్కా కుట్టి పెడదాం అని. ఏమని వద్దంటుంది మామ్మ? బొంగరం ఆమె మనవరాలు. నిలబడ్డచోట నిలబడలేక గిరగిర తిరిగే పిల్ల అని వాళ్ళ నాన్న పెట్టిన పేరు అది. నాన్న కనపడకుండా పోయిన రోజునుంచీ తిరగడం మానేసి ఓ మూల కూర్చుంటోంది, ఈ చొక్కా పనిలోనైనా పడుతుందిలే అనుకుంది. రోజూ సాయంత్రం ఇద్దరూ కిటికీ పక్కన కూర్చుని, లేని మనిషి భుజం కొలతకి చేతులు అతికిస్తున్నారు. పిల్ల కాజాలు కుడుతుంటే మామ్మ పక్కనుంచి, ఇంకొంచెం దగ్గరగా వెయ్యి, మీ నాన్న గుండీలు లాగి పెడతాడు, అని చెప్పింది నిన్న. ఏం మనిషిని నేను అనుకుంది ఆ తర్వాత.

ఆ చొక్కాకి కాలరు మాత్రం అయిపోయింది. కత్తిలా నిలబడి ఉంది. దాని వెనక కథ ఉంది.

మామ్మ పద్ధతి ఒకటుంది. బయటివాళ్ళ చొక్కాలకి కాలర్లో మంచి కాన్వాసు, దిట్టమైనది, ఎన్ని ఉతుకులైనా వంగనిది వేస్తుంది. పేరు పోకూడదు కదా. ఇంట్లోవాడికి మాత్రం ఏది మిగిలితే అది. మొన్న యూనిఫారాలు కుట్టినప్పుడు అందరివీ అయ్యేసరికి కాన్వాసు అయిపోయింది. కొడుకు చొక్కా ఒక్కటే మిగిలింది. వాడికేలే, ఇంటివాడే కదా, అని బొంగరం పొట్టి అయిపోయిన పసుపు పూల గౌను కత్తిరించి, మడతపెట్టి కాలరు లోపల పెట్టేసింది. పిల్ల సంబరపడిపోయి ఆ అంచు తనే చేత్తో కుట్టింది. నాన్నకి చెప్పకు నాన్నమ్మా అని ఒట్టు వేయించుకుంది.

వాడు తొడుక్కుని మెడ అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఈసారి కాలరు హాయిగా ఉందే, మెడ కొయ్యడం లేదు, అన్నాడు. నాన్నమ్మా మనవరాలూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వు ఆపుకున్నారు. ఆ చొక్కా ఇంకా గట్టిగా రెండో ఉతుకు కూడా చూడలేదు.

అందుకే ఈ కొత్త చొక్కా మొదలుపెట్టినప్పుడు బొంగరం ముందే చెప్పేసింది. పోయినసారి నాన్నకి దొంగ కాలరు వేశాం, ఈసారి అందరికీ వేసేదే వేద్దాం అని. షాపుకి తనే వెళ్ళి ఉన్నవాటిల్లోకి మంచి ముక్క ఏరి తెచ్చింది. ఇప్పుడు ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ముక్కే.

మధ్యాహ్నం కోడలు బట్టలు ఉతకడానికి పెరట్లోకి వెళ్ళాక మామ్మ తలుపు దగ్గరికి వేసి పాత చొక్కా ఒళ్ళో పెట్టుకుంది. పిల్ల వచ్చేలోపల తనే విప్పేసి, ఆ పసుపు ముక్క తీసి పొయ్యిలో వేసేస్తే సరిపోతుంది. అదీ తన ఆలోచన. బ్లేడు ముక్క తీసుకుని కాలరు అంచు వేళ్ళతో తడుముకుంటూ కుట్టు కోసం వెతికింది. నీలంలో నీలం. గుడ్డ కళ్ళముందు నీళ్ళలా కదిలిపోతోంది. కుట్టు అనుకుని కోసింది గుడ్డ. ఇంకోసారి కోసింది, ఈసారి వేలు. రక్తం చొక్కాకి అంటకుండా వేలు నోట్లో పెట్టుకుని అట్లాగే కూర్చుంది.

అప్పుడు ఏడుపొచ్చింది. కొడుకు పోయినందుకు ఇన్నాళ్ళకి మొదటిసారి ఏడ్చింది, అదీ చప్పుడు చెయ్యకుండా, వాడి చొక్కానే నోట్లో కుక్కుకుని. కన్నతల్లికి గట్టిగా ఏడ్చే హక్కు కూడా లేకుండా పోయింది. పోగొట్టుకుంది ఎవరు, తనే.

చెప్పేద్దామని లేచింది. నిజంగానే లేచి పెరటి గుమ్మందాకా వెళ్ళింది. కోడలు బట్టలు పిండుతూ, తనకి తెలియకుండానే ఏదో కూనిరాగం తీస్తోంది. పెళ్ళైన కొత్తల్లో తీసేది అట్లా. మామ్మ ఎంత నిశ్శబ్దంగా వెళ్ళిందో అంత నిశ్శబ్దంగా వెనక్కి వచ్చి కూర్చుంది.

బొంగరం స్కూలు సంచీ విసిరేసి వచ్చి కూర్చునేసరికి కిటికీలో ఇంకా వెలుతురుంది. సంగతి గుమ్మంలోనే తల్లి చెప్పేసినట్టుంది. పిల్ల ఏమీ అడగలేదు. పాత చొక్కా లాక్కుని, చేతులు ముందా నాన్నమ్మా అంది.

చేతులే ముందు అంది మామ్మ. చేతులు, జేబు, కింది పట్టీ, అవి నువ్వు విప్పు, కాలరు నేను చూసుకుంటా. అని కాలరున్న వైపు గుడ్డని తన తొడకింద నొక్కిపెట్టుకుంది. పిల్ల ఎడమచేత్తో బ్లేడు పట్టుకుని, కుట్టు తర్వాత కుట్టు మీటుకుంటూ పోయింది. ఎంత చక్కగా పోతుందో. తను ఈ వయసులో ఉండగా ఇంత చెయ్యి తిరగలేదు తనకి.

విప్పుతూనే మాట్లాడుతోంది. కరెంటు మామయ్య తమ ఇంటికి ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చినప్పుడు తనకి స్క్రూడ్రైవరు పట్టుకోనిచ్చాడట. పాపకి ఇంకా తెలియదట, గుమ్మం దగ్గర కూర్చుని నాన్న నాన్న అంటోందట. పాపం కదా నాన్నమ్మా అంది. తర్వాత గొంతు తగ్గించి, మనం అదృష్టవంతులం కదా అని కూడా అంది. అన్నందుకు భయపడి వెంటనే చొక్కాలోకి తలదూర్చింది.

మామ్మ ఊ కొట్టింది.

"ఇంక కాలరే. ఇటివ్వు."

"నేను చూస్తానన్నాగా."

"నీకు కనపడదు. ఇందాకే రెండుచోట్ల కోసేశావ్, చూశాను." పిల్ల మామ్మ చెయ్యి పట్టుకుని తిప్పింది. "వేలు కూడా కోసుకున్నావ్. ఇటివ్వు నాన్నమ్మా, చీకటి పడుతోంది."

మామ్మ గట్టిగా పట్టుకుంది. పిల్ల లాగింది. నానిన గుడ్డ, ఎక్కడ పిగిలిపోతుందోనని మామ్మ చేతులు అలవాటుకొద్దీ వదిలేశాయి. గుడ్డ చిరగనివ్వని చేతులవి, ఏం చేస్తాయి.

బొంగరం కాలరుని వెలుతురు వైపు తిప్పి, లోపలి అంచు మీద బ్లేడు ఆనించింది. ఆనించి ఆగిపోయింది.

ఆ అంచు చేతికుట్టు. మామ్మ కుట్టు ఎప్పుడూ ఒకవైపుకి వాలుతుంది. ఎడమచేత్తో కుట్టేవాళ్ళది ఇంకోవైపుకి వాలుతుంది. ఆ వాలు చూసి పిల్ల ఒక్కసారి మొహం చిట్లించింది, అంతే. ఇది నాది అనుకోవడానికి దానికింకా మనసు ఒప్పుకోలేదు. బ్లేడు కదిలింది. రెండు కుట్లు తెగాయి. ఇంకో రెండు. అంచు నోరు తెరుచుకుంది.

లోపల గుడ్డ బురదరంగుకి తిరిగిపోయింది. కానీ మడతలో, నీళ్ళు అంతగా తగలనిచోట, పసుపు పసుపుగానే ఉంది. చిన్న చిన్న పూలు.

మామ్మ గోడవైపు చూస్తూ కూర్చుంది. పిల్ల అరుస్తుంది, ఏడుస్తుంది, తల్లిని పిలుస్తుంది, ఏదో ఒకటి అయిపోతుంది, తన చేతుల్లో లేకుండా అయిపోతుంది అని ఎదురుచూసింది. లోపల్లోపల అదే కోరుకుంది కూడా. ఏమీ అవలేదు. పిల్ల వేలితో ఒక్కో పువ్వునీ తడుముతోంది.

"నాన్నమ్మా. నువ్వు అక్కడే చూశావా? ఆఫీసులో?"

మామ్మ తల ఊపింది.

"అమ్మకి తెలుసా?"

"తెలీదు."

వీధి గదిలో అలికిడైంది. కరెంటాయన భార్య పాపని తీసుకుని వచ్చింది. కూర్చోవే, అయిపోతుంది, అని కోడలు మంచినీళ్ళు ఇస్తున్న చప్పుడు. పాప ఏదో అంటే ఇద్దరూ కలిసి సన్నగా నవ్విన చప్పుడు. అయిందా బొంగరం, అని కరెంటాయన భార్య అక్కణ్ణించే అడిగింది.

"అయిపోవచ్చిందత్తా," అంది బొంగరం.

గొంతు ఎక్కడా వణకలేదు. ఆ నున్నటి గొంతుని మామ్మ గుర్తుపట్టింది. ఆఫీసులో, బల్ల ముందు, తన నోట్లోంచి వచ్చిన గొంతే.

పిల్ల దగ్గరికి జరిగి, చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది.

"ఇది మళ్ళీ లోపల పెట్టి కుట్టెయ్యనా?"

కుట్టెయ్ అనే మాట మామ్మ నాలుకమీదిదాకా వచ్చింది. రేపు రాయి నిలబడిపోతుంది. కోడలు గుమ్మంవంక చూస్తూ ముసలిదైపోతుంది. ఆ పసిపాప తనది కాని తండ్రి చొక్కా తొడుక్కుని తిరుగుతుంది. కరెంటాయన ఎక్కడ ఏ నీళ్ళలో ఉన్నాడో, బతికి ఉన్నాడో లేడో, అతన్ని వెతికే దిక్కు ఉండదు. ఆసుపత్రుల్లో కోడలు వెతికిస్తున్నదేమో పోయినవాణ్ణి. ఇదంతా మామ్మకి ఇదివరకే తెలుసు. తెలిసే చేసింది. కానీ ఈ పిల్ల తన పక్కన కూర్చుని, తనకోసం, తన పాపంలో ఒక కొస పట్టుకోవడానికి ఎడమచెయ్యి చాపింది చూడు, అది మాత్రం మామ్మ తట్టుకోలేకపోయింది.

"వద్దు," అంది. "వద్దమ్మా."

వద్దంటే మరి ఏం చెయ్యాలో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. పిల్ల కాసేపు నాన్నమ్మ మొహంలోకి చూసింది. తర్వాత పసుపు ముక్కని తీసి తన తొడకింద పెట్టుకుంది. లేచి, కొక్కేనికున్న కొత్త చొక్కా, వాళ్ళ నాన్న కోసం కుడుతున్నది, దించింది. ఒళ్ళో పరుచుకుని, కత్తిలా నిలబడ్డ ఆ కాలరు అంచు మీద బ్లేడు పెట్టింది.

మామ్మ ఆపలేదు. నిన్నగాక మొన్న ఎంత శ్రద్ధగా వేసిందో ఆ కుట్లన్నీ పిల్ల ఒక్కొక్కటే తెంపుకుంటూ పోతోంది. దాని ముక్కుచివర్నించి ఒక చుక్క గుడ్డమీద పడింది. మోచేత్తో తుడుచుకుని మళ్ళీ తెంపింది.

కోడలు పాపని ఎత్తుకుని లోపలికొచ్చింది. వెనకే కరెంటాయన భార్య.

"ఏదే గౌను, పాపకి కొలత చూ..." కోడలు మాట మధ్యలో ఆగింది. "అదేంటే? నాన్న చొక్కా విప్పుతున్నావేంటి?"

"కాన్వాసు కావాలి. పాప గౌనుకి."

"అబ్బే, ఎందుకమ్మా," అంది కరెంటాయన భార్య.

"మామయ్య కాలరు నిలబడి ఉండేదన్నావు కదత్తా," అంది బొంగరం. ఇంకో కుట్టు తెంపింది.

కోడలు ముందు నవ్వబోయింది. కూతురి మనసు మంచిదని మురిసిపోయిన నవ్వు అది. అంతలో కూతురి తడిసిన మొహం చూసింది. అటుపక్క ఆ మొహంలోకి చూడలేక మిషను వైపు తిరిగిపోయిన అత్తగారిని చూసింది. నవ్వు రాలేదు.

"ఉన్నది ఆ ఒక్క ముక్కే కదే. మరి నాన్నకి?"

బొంగరం తల ఎత్తలేదు. తొడకిందనుంచి పసుపు పూల గుడ్డ కొస ఒకటి బయటికి వచ్చింది. దాన్ని లోపలికి నొక్కుకోవాలని కూడా తోచినట్టు లేదు దానికి.

"నాన్నమ్మనడుగమ్మా," అంది.

కోడలు పాపని కిందికి దించింది. మామ్మ చక్రం మీదినుంచి చెయ్యి తీసి, మిషను వదిలి, ఇటు తిరిగింది. గుమ్మంలో కరెంటాయన భార్య ఊపిరి బిగపట్టి ఆమె నోటివంకే చూస్తోంది, ఆ రోజు ఆఫీసులో చూసినట్టే.